మిగిలినవాళ్లెందరు?

ముందు ఒక చిన్న లెక్క. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి తన జీవితకాలంలో స్వయంగా చేసిన కంటి ఆపరేషన్లు లక్షకు పైనే. ఆయన మదురైలో ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరైన 1976 ప్రాంతంలో దేశంలో చూపు లేనివాళ్లు కోటీ ఇరవై లక్షలమంది ఉంటారని అంచనా. భాగించి చూడండి. నూటికి ఒక్కరు కూడా రారు. పైగా ఆ కోటీ ఇరవై లక్షలు ఉన్నచోట ఉండే సంఖ్య కాదు, ఏటా కొత్తగా శుక్లాలు ముదిరినవాళ్లు వచ్చి చేరుతూనే ఉంటారు. అంతటి హస్తవాసి ఉన్న మనిషి ఒక జీవితమంతా ధారపోసినా సమస్య పైపై పొర కూడా ఊడదన్నమాట.

మేనేజరుకూ నాయకుడికీ తేడా చెప్పమంటే శిక్షణ తరగతుల్లో పెద్ద పట్టిక వేస్తారు. ఒక పక్క నియంత్రణ, ఇంకో పక్క స్ఫూర్తి. ఒక పక్క పద్ధతి, ఇంకో పక్క దార్శనికత. రాసుకోవడానికి బాగుంటుంది, సోమవారం పొద్దున ఆఫీసుకు వెళ్లాక ఏం చెయ్యాలో మాత్రం తోచదు. ఈ అధ్యాయంలో నేను ఒక్క తేడానే పట్టుకుంటాను. మేనేజరు చేసిన పనిని లెక్కపెడతాడు. నాయకుడు మిగిలిపోయిన పనిని లెక్కపెడతాడు. తక్కిన గుణాలన్నీ, అంటే పని పంచడం, మనుషుల్ని తయారుచెయ్యడం, తన గొప్పను పక్కన పెట్టడం, ఈ రెండో లెక్క మొదలుపెట్టినవాడికి తప్పనిసరై వచ్చి పడతాయి. మంచితనం వల్ల వచ్చేవి కావు, అవసరం వల్ల వచ్చేవి.

ఇందుకు మదురై కంటే మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

వెంకటస్వామి 1918 అక్టోబర్ 1న ఎట్టయాపురం దగ్గరి వడమలాపురంలో రైతు కుటుంబంలో పుట్టారు. మదురై, తిరునెల్వేలి, కోయంబత్తూరు పల్లెల్లో కొన్ని వందల ఏళ్ల కిందట స్థిరపడి, వీధిలో తమిళం, వంటింట్లో తెలుగుగా బతుకుతున్న వేలాది కుటుంబాల్లో వాళ్లదీ ఒకటి. పలకా బలపం కూడా లేని బడి, ఏటి ఒడ్డు ఇసుక తెచ్చి దానిమీద అక్షరాలు దిద్దారు. మదురై అమెరికన్ కాలేజీలో కెమిస్ట్రీ, మద్రాసు స్టాన్లీలో వైద్యం. కాన్పు సమయంలో ప్రాణాలు పోగొట్టుకున్న దగ్గరి బంధువుల్ని చిన్నప్పుడే చూసినందువల్ల కాన్పుల డాక్టరు కావాలనుకున్నారు. మిలిటరీ వైద్యశాఖలో ఉండగా కీళ్లవాతం పట్టుకుంది. నెలల తరబడి మంచాన ఉన్నారు, వేళ్లు శాశ్వతంగా వంకరపోయాయి. కాన్పులు చెయ్యడం ఇక కుదరదు. అప్పుడు కళ్ల వైద్యం మొదటినుంచీ చదువుకుని, ఆ వంకర వేళ్లలో ఇమిడే పనిముట్లు చేయించుకుని, కత్తి పట్టడం మళ్లీ నేర్చుకున్నారు. 1956లో మదురై మెడికల్ కాలేజీ, ఎర్స్కిన్ ఆసుపత్రుల్లో కంటి విభాగానికి అధిపతి అయ్యారు. ఒక్కోరోజు వంద దాకా ఆపరేషన్లు చేసేవారు. 1973లో పద్మశ్రీ వచ్చింది.

ఇక్కడితో ఆగితే ఇది ఒక గొప్ప డాక్టరు కథ, అందులోనూ సమర్థుడైన విభాగాధిపతి కథ. పదవీ విరమణ సభలో శాలువా, దండ, ఫొటో. చాలామంది ప్రతిభావంతుల జీవితాలు అక్కడే మర్యాదగా పూర్తవుతాయి. 58 ఏళ్ల వయసులో ఆయన మాత్రం మదురైలో ఒక ఇంట్లో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రి తెరిచారు. బ్యాంకులు అప్పు ఇవ్వలేదు, ఇల్లు తాకట్టు పడింది, ఇంట్లోవాళ్ల నగలు కుదువకు వెళ్లాయి. చెల్లెలు డాక్టర్ నాచియార్, ఆమె భర్త డాక్టర్ నంపెరుమాళ్‌సామి, తమ్ముడు శ్రీనివాసన్, ఇలా కుటుంబమంతా అందులో దిగింది. నగలు కుదువపెట్టి వ్యాపారం మొదలుపెట్టిన కుటుంబాలు మన ఊళ్లలోనూ బోలెడు. నాకు ఆశ్చర్యంగా తోచేది ఆ ధైర్యం కాదు. రోజుకు వంద ఆపరేషన్లు చెయ్యగలిగిన మనిషి, ఆ వంద ఎందుకూ చాలదని ఒప్పుకోవడం.

ఒప్పుకోవడం ఎందుకు కష్టమో చూడాలంటే కోయంబత్తూరు స్పిన్నింగ్ మిల్లు ఒకటి ఊహించుకోండి. రాత్రి షిఫ్టు. రింగ్ ఫ్రేముల మధ్య సందులో సూపర్‌వైజరు నడుస్తున్నాడు. ఒకప్పుడు అతనే ఆ ఫ్రేముల మీద మంచి పనివాడు, తెగిన దారాన్ని రెప్పపాటులో అతికించేవాడు. ఆ చెయ్యి చూసే ప్రమోషన్ ఇచ్చారు. కొత్తమ్మాయి తెగిన దారంతో అవస్థ పడుతోంది.

"అన్నా, ఈ ఫ్రేములో మళ్లా మళ్లా తెగుతాంది."

"నువ్వు జరుగు, నేను చూస్తా."

చూశాడు, అతికించాడు. పక్క ఫ్రేములో ఇంకోటి. అదీ అతికించాడు. తెల్లారేసరికి షిఫ్టు ఉత్పత్తి లక్ష్యం దాటింది, రిపోర్టు పైకి వెళ్లింది, శభాష్ వచ్చింది. రిపోర్టులో లేనివి కొన్ని ఉన్నాయి. ఆ ఫ్రేములోనే ఎందుకు ఎక్కువ తెగుతోంది? గదిలో తేమ తగ్గిందా? ఫ్రేములోని ట్రావెలర్లు అరిగిపోయాయా? పత్తి మారిందా? ఆ అమ్మాయికి అతికించడం ఎవరు నేర్పుతారు? అతను అతికించిన దారాలు లెక్కకు వచ్చాయి. తెగకుండా ఉండాల్సిన దారాలు ఏ లెక్కలోనూ లేవు. రేపు రాత్రి కూడా ఇదే జరుగుతుంది, రేపు రాత్రి కూడా శభాష్ వస్తుంది.

మీ ఆఫీసులో రింగ్ ఫ్రేములు ఉండకపోవచ్చు. "నువ్వు జరుగు, నేను చూస్తా" అనే మాట మాత్రం ఉంటుంది. క్లయింటుకు పంపాల్సిన ఉత్తరం జూనియరు సరిగ్గా రాయలేదని మీరే రాత్రి కూర్చుని తిరగరాసినప్పుడు నోటితో అనకపోయినా మీరన్నది అదే మాట. అందులో ఒక తీపి ఉంది. "సార్, మీరొస్తే తప్ప కాదు" అని అర్ధరాత్రి ఫోన్ వస్తే పైకి విసుక్కుంటాం, లోపల పులకరిస్తాం. ఆ పులకరింతే చాలామందిని పదేళ్లు, పదిహేనేళ్లు మేనేజరు కుర్చీలోనే కూర్చోబెడుతుంది. వాళ్లు అసమర్థులు కారు. మరీ సమర్థులు, అదే చిక్కు.

ఇప్పుడు అరవింద్ ఆపరేషన్ థియేటరులోకి వద్దాం. సర్జనుకు పక్కపక్కనే రెండు బల్లలు. ఒక బల్లమీద ఆపరేషన్ జరుగుతుండగా రెండోదాని మీద తర్వాతి రోగి సిద్ధంగా ఉంటారు. మత్తు ఇచ్చి, కన్ను శుభ్రంచేసి, గుడ్డ కప్పి, పనిముట్లు వరుసగా పేర్చి ఉంటాయి. మొదటి కన్ను అయిపోగానే సర్జను మైక్రోస్కోపును ఇటు తిప్పుకుని రెండో కన్ను మొదలుపెడతారు. ఈలోగా మొదటి బల్ల ఖాళీ అయ్యి, ఇంకొకరు వచ్చి పడుకుంటారు. అమెరికా వెళ్లినప్పుడు మెక్‌డొనాల్డ్స్ పద్ధతి చూసి వెంకటస్వామి ముచ్చటపడ్డారన్నది జగమెరిగిన విషయం. ఏ ఊళ్లో చూసినా ఒకే రుచి, ఒకే శుభ్రత, ఒకే వేగం, మామూలు పిల్లల చేత చేయించడం. బర్గరుకు సాధ్యమైనది చూపుకు ఎందుకు సాధ్యం కాదని ఆయన వాదన. ఈ పోలిక విని ముఖం చిట్లించిన వైద్యులు ఉండే ఉంటారు. కానీ ఫలితం చూడండి. మన దేశంలో సగటు కంటి సర్జను ఏడాదికి చేసే ఆపరేషన్లు కొన్ని వందలైతే అరవింద్ సర్జను చేసేవి దాదాపు 2,000.

సర్జన్లు ఐదు రెట్లు ఎక్కువ కష్టపడటం వల్ల ఇది రాలేదు. వాళ్ల చేతుల్లోంచి తక్కిన పనులన్నీ తీసెయ్యడం వల్ల వచ్చింది. చూపు పరీక్ష, కళ్లజోడు నంబరు, కంటి ఒత్తిడి కొలవడం, రోగికి ధైర్యం చెప్పడం, బల్లమీద సిద్ధంచెయ్యడం, ఆపరేషన్ అయ్యాక చూసుకోవడం. ఇవన్నీ చేసేది ఎక్కువగా పల్లెటూళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలు. స్కూలు చదువు ముగించినవాళ్లను ఎంపికచేసి రెండేళ్లు శిక్షణ ఇస్తారు. సంస్థలో సగానికి పైగా సిబ్బంది వీళ్లే. ఈ వ్యవస్థ కట్టడంలో డాక్టర్ నాచియార్‌ది పెద్ద చెయ్యి. డాక్టర్ పట్టా ఉన్నవాళ్లే చెయ్యాలని అందరూ అనుకున్న పనుల్లో చాలావాటిని ఓపిగ్గా నేర్పితే ఆ అమ్మాయిలే చెయ్యగలరని, రోజూ అదే పని చెయ్యడం వల్ల కొన్నిసార్లు డాక్టరు కంటే బాగానే చెయ్యగలరని తేలింది.

ఇది మీ పనికి ఎలా అన్వయించుకోవాలి? ఒక వారంపాటు మీ రోజును అరగంటల చొప్పున రాయండి. ప్రతి అరగంట పక్కనా ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ పని నేను తప్ప ఇక్కడ ఇంకెవరూ చెయ్యలేరా? "నేను చేస్తే బాగుంటుంది", "నేను చేస్తే తొందరగా అవుతుంది" అన్న జవాబులకు అర్థం, ఇంకొకరు చెయ్యగలరనే. నిజాయితీగా రాస్తే రోజులో గంటన్నరో రెండు గంటలో మిగులుతుంది. అదే మీ మైక్రోస్కోపు కింది సమయం. దాని చుట్టూ రెండు బల్లలు ఎలా వేయాలన్నదే తర్వాతి ఆలోచన. తక్కినదంతా ఎవరికో నేర్పాల్సిన పని.

నేర్పడం అన్నచోట ఎక్కువమంది బోల్తాపడతారు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. పని అప్పగించడం వేరు, పని నెత్తిన పారేసి చేతులు దులుపుకోవడం వేరు. పుస్తకం చదివిన ఉత్సాహంలో సోమవారం పొద్దున నాలుగు ఫైళ్లు జూనియరు బల్లమీద పెట్టి "ఇకనుంచి నువ్వే చూసుకో" అంటాం. శుక్రవారానికి ఏదో ఒకటి చెడుతుంది. "చూశారా, నేను చెప్పలా" అని ఫైళ్లు వెనక్కి తెచ్చుకుంటాం. ఆ జూనియరుకు జీవితకాలం సరిపడా పాఠం అందింది: సొంతంగా చెయ్యకూడదు, అడగాలి. అరవింద్ ఒక పల్లెటూరి అమ్మాయికి రెండేళ్లు ఇచ్చింది. మీరు కనీసం రెండు నెలలు ఇవ్వండి.

ఆ రెండు నెలల్లో మొదట చెప్పాల్సింది పని ఎలా చెయ్యాలన్నది కాదు, పని బాగా జరిగిందని ఎలా తెలుస్తుందన్నది. కొలత తెలిసిన మనిషి పద్ధతి తానే సరిచేసుకుంటాడు. తర్వాత, ఎప్పుడు మిమ్మల్ని పిలవాలో స్పష్టంగా గీత గియ్యాలి. యాభైవేల రూపాయల లోపు నిర్ణయం నీదే, పైన అయితే నాకు ఫోన్ చెయ్యి. కస్టమరు కోప్పడితే నువ్వు మాట్లాడు, ఆర్డరు రద్దుచేస్తానంటే నన్ను పిలువు. గీత లేకపోతే ప్రతిదానికీ పిలుస్తారు, లేదా దేనికీ పిలవరు. ఇక మూడో సంగతి చాలా కష్టం. మీకంటే నెమ్మదిగా, కాస్త వంకరగా వాళ్లు చేస్తుంటే పక్కన నిలబడి ఊరుకోవాలి. చేతులు వెనక్కి కట్టుకోమని చెబుతాను నేను, నిజంగానే, వెనక్కి. మిల్లు సూపర్‌వైజరు ఆ రాత్రి ఆ అమ్మాయి పక్కన చేతులు కట్టుకుని అరగంట నిలబడి ఉంటే షిఫ్టు ఉత్పత్తి కొంచెం తగ్గేది. శభాష్ రాదు. వారం తర్వాత ఆమెకు ఎవరి అవసరమూ ఉండదు, అతనికి తేమ సంగతి చూసే తీరిక దొరుకుతుంది.

అధికారం పంచితే చాలు, నాయకత్వం వచ్చేస్తుందని అనుకునేవాళ్లకు మదురై చరిత్రలోనే ఒక హెచ్చరిక ఉంది. 16వ శతాబ్దంలో విశ్వనాథ నాయకుడు, ఆయన దళవాయి అరియనాథ ముదలియారు రాజ్యాన్ని 72 పాళెయాలుగా పంచారని, మదురై కోటలో ఒక్కో బురుజు కాపలా ఒక్కో పాళెగాడికి అప్పగించారని చెప్పుకుంటారు. పంపకం అంటే అదీ. అడవి కొట్టి ఊళ్లు కట్టడం, చెరువులు తవ్వించడం, సైన్యం పెట్టుకోవడం, అంతా స్థానికంగానే. చాలాకాలం నడిచింది కూడా. కానీ పైన నాయక రాజ్యం బలహీనపడి కూలాక వాళ్లందర్నీ కలిపి ఉంచే ఉమ్మడి లెక్క ఏదీ మిగల్లేదు. ఎవరి పాళెం వాళ్లది, ఎవరి పగ వాళ్లది. పక్కపక్కనే ఉన్న రెండు తెలుగు మూలాల పాళెయాల్లో, పాంచాలంకురిచ్చి పాళెగాడు కట్టబొమ్మన ఈస్టిండియా కంపెనీని ఎదిరిస్తే ఎట్టయాపురం ఆ కంపెనీ పక్షాన నిలిచింది. 1799లో కట్టబొమ్మనను కయత్తారులో ఉరితీశారు. వెంకటస్వామి పుట్టిన ఊరు ఆ ఎట్టయాపురం సీమలోనిదే.

మీ కంపెనీలో సేల్స్‌వాళ్లూ ప్రొడక్షన్‌వాళ్లూ ఒకర్నొకరు శత్రువుల్లా చూసుకుంటుంటే అక్కడ పాళెయాలు వెలిశాయని అర్థం. పని పంచారు, మిగిలిన పని ఎంతో అందరికీ ఒకే బోర్డుమీద కనపడేలా రాయలేదు.

అరవింద్‌లో ఆ ఉమ్మడి బోర్డు ఉంది. ప్రతి సర్జను చేసిన ఆపరేషన్లలో ఎన్నిటిలో ఇబ్బందులు వచ్చాయో నమోదు చేస్తారు, పోల్చి చూస్తారు. ఎక్కువ వచ్చినవారికి సాయం అందుతుంది. డబ్బు కట్టిన రోగులకూ ఉచిత రోగులకూ వేరువేరు డాక్టర్లు ఉండరు, ఒకే సర్జన్లు వంతులవారీగా ఇద్దర్నీ చూస్తారు. ఉచితమా, డబ్బు కట్టేదా అన్నది రోగే తేల్చుకుంటాడు, రేషన్‌కార్డు చూపించమని ఎవరూ అడగరు. డబ్బు కట్టేవాళ్ల సొమ్ముతో ఉచిత విభాగం నడుస్తుంది. ఐఐఎం కలకత్తాలో చదివిన తులసిరాజ్ వంటివారు 1980ల్లో వచ్చి ఈ లెక్కలన్నిటికీ ఒక క్రమం తెచ్చారు. ఇదంతా శుద్ధమైన మేనేజిమెంటు. నాయకుడైనవాడు మేనేజిమెంటును చిన్నచూపు చూడాలని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎన్ని బల్లలు, ఎన్ని దుప్పట్లు, ఎన్ని బస్సులు అన్నది లెక్క కట్టలేనివాడి దార్శనికత వేదికమీద ప్రసంగానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

మిగిలిన లెక్క ఎంత నిర్దయగా ఉంటుందో ఇప్పుడు చూడండి. అరవింద్ మొదటి నుంచీ పల్లెల్లో కంటి శిబిరాలు పెడుతోంది. వేలమంది వచ్చేవారు. ఆపరేషన్ ఉచితం అన్నా చాలామంది కదిలేవారు కారు. ఎందుకని ఆరా తీస్తే బస్సు చార్జీ లేదు, తోడొచ్చేవాళ్లు లేరు, నాలుగు రోజులు కూలి పోతుంది, ఆసుపత్రిలో తిండి ఎట్లా, ముసలితనంలో కన్ను ఉంటే ఎంత పోతే ఎంత. అప్పుడు బస్సూ భోజనమూ కూడా ఉచితం చేశారు. వచ్చేవాళ్లు బాగా పెరిగారు. ఏ సంస్థ అయినా ఇక్కడ పండగ చేసుకుంటుంది. కానీ 1990ల్లో ఆ శిబిరాలు జరిగే పల్లెల్లోనే ఒక అధ్యయనం చేశారు. శిబిరానికి వచ్చినవాళ్లను లెక్కపెట్టకుండా ఇంటింటికీ వెళ్లి, కంటి బాధ ఉండీ రానివాళ్లను లెక్కపెట్టారు. తేలిందేమిటంటే, అవసరం ఉన్నవాళ్లలో శిబిరానికి వస్తున్నది 7 శాతం లోపే.

ప్రపంచమంతా మెచ్చుకుంటున్న పద్ధతి. హార్వర్డ్‌లో 1993 నుంచి పాఠంగా చెబుతున్న పద్ధతి. నూటికి తొంభైమూడుమందిని వదిలేస్తోంది.

ఇలాంటి అంకె బల్లమీదికి వచ్చినప్పుడు ఏం చేస్తారన్న దానిలోనే మనిషి తెలిసిపోతాడు. అధ్యయనం పద్ధతి సరిగా లేదనొచ్చు. జనానికి అవగాహన లేదనొచ్చు. అరవింద్‌వాళ్లు శిబిరాలు మానలేదు, వాటితోనే సరిపెట్టుకోనూ లేదు. పల్లెల మధ్య శాశ్వతంగా ఉండే చిన్న కంటి కేంద్రాలు మొదలుపెట్టారు. అక్కడ శిక్షణ పొందిన ఒక అమ్మాయి పరీక్ష చేస్తుంది, ఆసుపత్రిలో కూర్చున్న డాక్టరు వీడియోలో చూసి సలహా చెబుతారు. ఇప్పుడు అలాంటివి వందకు పైగా ఉన్నాయి. రెండేళ్ల శిక్షణ పొందిన అమ్మాయిలే లేకపోతే ఈ కేంద్రాలు కాగితంమీదే ఉండేవి.

మీరు వెయ్యగలిగిన ప్రశ్న కూడా ఇదే. మీ దగ్గరికి వచ్చిన కస్టమర్లను అభిప్రాయం అడిగితే అందరూ నాలుగు నక్షత్రాలు ఇస్తారు. రానివాళ్ల దగ్గరికి వెళ్లండి. ఉద్యోగం మానేసి వెళ్లినవాళ్లకు ఆరు నెలల తర్వాత ఫోన్ చెయ్యండి. మీటింగులో ఎప్పుడూ నోరు విప్పని మనిషిని టీ తాగేచోట ఒంటరిగా అడగండి. మీ బడి ఫలితాలు తొంభై శాతం అయితే, ఆ తరగతిలో పరీక్షదాకా రాకుండా మధ్యలో ఆగిన పిల్లలెందరో హాజరు పట్టికలో వెతకండి.

మిగిలిన లెక్క పట్టుకున్నవాడు ఇంకో ఇబ్బందికరమైన చోటికి చేరతాడు. తన సంస్థ ఎంత పెరిగినా చాలదని తెలుస్తుంది. అప్పుడు పోటీదారుకు కూడా నేర్పాల్సి వస్తుంది. కంట్లో పెట్టే కృత్రిమ లెన్సు సంగతే తీసుకోండి. అది లేని రోజుల్లో ఆపరేషన్ అయినవాళ్లు సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకుని తిరిగేవారు, అవి పగిలితే మళ్లీ చీకటే. అప్పట్లో దిగుమతి లెన్సు ధర వంద డాలర్ల పైమాట. పేదదేశాలకు అది తగదని పెద్దపెద్ద నిపుణులే అన్నారు. 1992లో ఆరోల్యాబ్ పెట్టి మదురైలోనే తయారుచేసి పది డాలర్లకు, ఆ తర్వాత ఇంకా తక్కువకు దించారు. సొంత ఆసుపత్రికే దాచుకోకుండా ప్రపంచమంతా అమ్మారు. 1990ల్లో లయన్స్ క్లబ్ సాయంతో ఒక శిక్షణ సంస్థ పెట్టి తమ పద్ధతిని వందల ఆసుపత్రులకు నేర్పారు. అందులో తమ పక్క జిల్లాలవాళ్లూ ఉన్నారు. వ్యాపార రహస్యం అనే మాటకు అక్కడ పెద్దగా చోటు లేదు. వెంకటస్వామి 2006 జూలై 7న కన్నుమూశారు. థియేటర్లలో రెండు బల్లలూ ఆయన తర్వాతా నడుస్తూనే ఉన్నాయి.

ఈ పాఠానికి రెండో ముఖం కోయంబత్తూరులో ఉంది. జి.డి. నాయుడు 1893లో కలంగల్‌లో పుట్టారు. బడి అంటే పడలేదు. ఒక తెల్లదొర మోటారుసైకిలు చూసి మనసుపడి, హోటల్లో సర్వరుగా చేరి డబ్బు కూడబెట్టి దాన్ని కొని, విప్పి, మళ్లీ బిగించి యంత్రవిద్య నేర్చుకున్నారు. 1920లో పొళ్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి యూఎంఎస్ అనే పెద్ద రవాణా సంస్థను నిలబెట్టారు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి దేశంలో తొలి ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశారు. 1945లో ఆయన చొరవతో వచ్చిన ఆర్థర్ హోప్ కాలేజీయే ఇప్పటి ప్రభుత్వ టెక్నాలజీ కాలేజీ. ఇంజినీరింగుకు నాలుగేళ్లు దండగ, రెండేళ్లు చాలని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆయన పదవి వదిలేసి వచ్చేశారు. 1950ల్లో పన్నుల విధానంమీద కోపంతో తాను తయారుచేసినవాటిని జనం మధ్యే పగలగొట్టించారు.

ఆయనంత మెదడు దక్షిణాదిలో ఆ తరంలో ఇంకోటి లేదనే నా అభిప్రాయం. కుర్రాళ్ల సమయం వృథా అవుతోందన్న బాధ కూడా అసలైనదే, అదీ ఒకరకంగా మిగిలిన లెక్కే. కాకపోతే తనంత వేగంగా నడవలేనివాళ్లతో కలిసి నడిచే ఓపిక ఆయనకు తక్కువ. రెండేళ్ల కోర్సు కోసం నాలుగేళ్ల కాలేజీలోనే ఉండి పదేళ్లు పోరాడి ఉంటే ఏమయ్యేదో! ఆయన ఒంటరిగా చేసిన అద్భుతాలు చాలావరకు ఆయనతోనే ఆగాయి. ఇంకొకరితో కలిసి చేసిన మోటారు మాత్రం ఊరంతా పాకింది. ఒక వర్క్‌షాపులో పని నేర్చుకున్నవాడు బయటికొచ్చి సొంత షెడ్డు వేసుకోవడం, అతని దగ్గర నేర్చుకున్నవాడు ఇంకో షెడ్డు వేసుకోవడం. పొలాల్లో నీళ్లు తోడే పంపుసెట్లకు కోయంబత్తూరు రాజధాని అయ్యిందంటే ఇలాగే అయ్యింది. తన దగ్గర నేర్చుకున్నవాడు వెళ్లిపోతుంటే "ద్రోహి" అని తిట్టే యజమానులు అక్కడా ఉండే ఉంటారు. కానీ అలా వెళ్లినవాళ్లే ఊరి బలం.

అదే ఊళ్లో పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కొడుకులు నలుగురు 1926లో ఆస్తిని పంచుకునేటప్పుడు ఐదు భాగాలు వేసి, ఐదో భాగాన్ని ధర్మ సంస్థకు రాసిచ్చారని చెబుతారు. ఆ ట్రస్టే నేటి పీఎస్‌జీ విద్యాసంస్థలు. అక్కడ చదువు పక్కనే పనిచేసే ఫ్యాక్టరీ కూడా ఉంటుంది. పంపకం కాగితంలో అక్కడ లేనివాడికి కూడా ఒక వాటా రాయడం ఒక పద్ధతి. మీ బడ్జెట్లోనూ అలాంటి వరుస ఒకటి ఉండాలి. ఈ ఏడాది ఫలితం ఇవ్వని శిక్షణకు, ఇంకా చేరని మనిషికి, రాని కస్టమరుకు కొంత సొమ్ము. ఐదో వంతు కుదరదు, నాకూ తెలుసు. ఇరవయ్యో వంతు పెట్టండి. అడిగితే ఆ సొమ్ము ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పగలిగేలా ఉంచుకోండి, లేకపోతే మార్చి నెలలో అకౌంట్స్‌వాళ్లు మొదట కత్తిరించేది దాన్నే.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, నెలవారీ రిపోర్టు దగ్గర. అందులో ఇప్పుడున్న అంకెలన్నీ చేసినవాటివే: ఇన్ని యూనిట్లు, ఇన్ని కాల్స్, ఇన్ని బిల్లులు. వాటిని తియ్యకండి. కింద ఒకే ఒక్క వరుస చేర్చండి, మిగిలినవి ఎన్ని అని. దేన్ని మిగిలినదిగా లెక్కించాలో మీ మనుషులతో కూర్చుని తేల్చండి. ఒక్క మీటింగులో తేలదు, వాదనలు వస్తాయి. రానీయండి, అవి మంచి వాదనలే. మొదటి మూడు నెలలు ఆ అంకె పెద్దగా కనిపిస్తుంది, పైవాళ్లు కనుబొమలు ఎగరేస్తారు. కాబట్టి ముందే పై అధికారికి చెప్పి ఉంచండి, అంకె పెరిగిందంటే పని చెడిందని కాదు, ఇప్పటిదాకా ఎవరూ లెక్కపెట్టలేదని. ఆయన ఒప్పుకోకపోతే ఆ వరుసను మీ విభాగం లోపలి కాగితంమీదే ఉంచుకోండి, గొడవ పడకండి. ఇక ఆ వరుసను నింపే పని మాత్రం మీరు చెయ్యొద్దు. మీ దగ్గర కొత్తగా చేరిన మనిషికి ఇవ్వండి. పాతవాళ్ల కళ్లకు అలవాటైపోయి కనపడనివి వాళ్లకు కనపడతాయి. పైగా అంకె దాచడం ఇంకా నేర్చుకుని ఉండరు.